కొమ్మల మీది పూల కోసం పడవెక్కిన మార్గరెట్

వీధిలో ఎవరింట్లోనైనా బ్రహ్మకమలం పూస్తోందంటే ఆ రాత్రి సందడే వేరు. టీవీ కట్టేసి, పిల్లల్ని వెంటేసుకుని ఇరుగుపొరుగు వాళ్ళంతా ఆ కుండీ చుట్టూ చేరతారు. చీకటి పడ్డాక విచ్చుకోవడం మొదలుపెట్టిన మొగ్గ అర్ధరాత్రికల్లా అరచేయంత తెల్లటి పువ్వవుతుంది. తెల్లారేసరికి తల వాల్చేస్తుంది. అంతే, దాని ఆయుష్షు ఒక్క రాత్రి!

నిజానికి హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరు. మన కుండీల్లో ఉండేది మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుంచి వచ్చిన ఒక రకం కాక్టస్. సొంత ఊళ్ళో అది పెద్ద పెద్ద చెట్ల కొమ్మల మీద కాపురం పెడుతుంది. దీని చుట్టం ఒకటి అమెజాన్ అడవిలో ఉంది. దాన్ని వెన్నెల పువ్వు అంటారు. అదీ రాత్రే పూస్తుంది, తెల్లారేసరికి వాడిపోతుంది.

ఆ పువ్వు విచ్చుకుంటుండగా చూసి బొమ్మ గీయాలని ఒకావిడ ఏళ్ళ తరబడి నదుల వెంట తిరిగింది. చివరికి చూడగలిగింది 1988 మే నెలలో. ఆ నెల్లోనే ఆవిడకి 79 ఏళ్ళు నిండాయి! ఆవిడే మార్గరెట్ మీ. ఇంటిపేరే 'మీ'. పుట్టింది ఇంగ్లండులో. పేరు తెచ్చుకుంది బ్రెజిల్లో.

గీత తప్పని చెయ్యి

మార్గరెట్ 1909 మే 22న లండన్‌కి దగ్గర్లోని చెషమ్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. వాళ్ళ పిన్ని ఒకావిడ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేది. చిన్నప్పుడు మార్గరెట్‌కి బొమ్మల మీద ఇష్టం కలిగించింది ఆవిడే. పెద్దయ్యాక వాట్‌ఫర్డ్‌లో చిత్రకళ చదువుకుని, లివర్‌పూల్‌లో టీచరుగా చేరింది.

అలాగని బొమ్మలు వేసుకుంటూ ఓ మూల కూర్చునే రకం కాదు. 1933లో ఆమె జర్మనీలో ఉంది. బెర్లిన్‌లో పార్లమెంటు భవనం తగలబడటం, ఆ తర్వాత యూదుల దుకాణాలను బహిష్కరించడం కళ్ళారా చూసింది. అన్యాయం కళ్ళముందు జరుగుతుంటే నోరు మూసుకోకూడదన్న పట్టుదల అప్పట్నుంచీ ఆమెతోనే ఉండిపోయింది. ఇంగ్లండు తిరిగొచ్చాక కార్మిక సంఘాల్లో పనిచేసింది. 1937లో కార్మిక సంఘాల మహాసభలో నిలబడి, పిల్లల్ని బడి మాన్పించే వయసు పెంచాలని మాట్లాడింది.

1936లో జరిగిన పెళ్ళి ఎక్కువ కాలం నిలవలేదు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. విమానాల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగంలో చేరింది. విమానం డ్రాయింగంటే మాటలా? వెంట్రుకవాసి తేడా కూడా పనికిరాదు. చెయ్యి అక్కడ అలా సానబట్టింది.

యుద్ధం అయ్యాక, నలభైకి దగ్గరపడుతున్న వయసులో మళ్ళీ విద్యార్థిని అయింది. సాయంత్రం క్లాసుల్లో, ఆ తర్వాత లండన్‌లోని క్యాంబర్‌వెల్ ఆర్ట్ స్కూల్లో పట్టుగా నేర్చుకుంది. ఆ క్లాసుల్లోనే గ్రెవిల్ మీ అనే చిత్రకారుడు పరిచయమయ్యాడు. జీవితాంతం తోడున్నాడు.

తోబుట్టువు కోసం వెళ్ళి...

1952లో తోబుట్టువుకి ఒంట్లో బాగాలేదని మార్గరెట్ బ్రెజిల్లోని సావో పాలో నగరానికి బయల్దేరింది. సేవ చేసి తిరిగొచ్చేద్దామనే వెళ్ళింది. తర్వాత గ్రెవిల్ కూడా అక్కడికే వచ్చేశాడు. ఇక ఇద్దరికీ అదే ఇల్లయింది. అక్కడి బ్రిటిష్ స్కూల్లో డ్రాయింగు టీచరుగా చేరింది.

సావో పాలో చుట్టుపక్కల సముద్రం వైపు కొండలన్నీ దట్టమైన అడవి. సెలవు దొరికితే చాలు, భార్యాభర్తలిద్దరూ అటే నడక. అక్కడ ఒక చెట్టు ఒక్క చెట్టులా ఉండదు. మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా మొక్కల మీద మొక్కలు. ఎర్రటి నడిమి ఆకులతో గిన్నెల్లా విచ్చుకున్నవి, గుత్తులుగా వేలాడేవి, బెరడుకి అతుక్కున్నవి... మార్గరెట్ చూపు వాటి మీద పడింది. ఇక మరలలేదు.

అవి బదనికలు కావు

చెట్టుమీద ఇంకో మొక్క కనబడగానే మనం బదనిక అనుకుంటాం. మామిడి కొమ్మకి పట్టే బదనిక ఆ చెట్టు రసాన్నే తాగి బతుకుతుంది. మార్గరెట్ చూసిన మొక్కలు అలాంటివి కావు. వాటిని ఎపిఫైట్లు అంటారు. చెట్టు దగ్గర అవి తీసుకునేది చోటు మాత్రమే. అద్దెకున్న వాళ్ళు ఇంటివాళ్ళ వంటింట్లోకి వెళ్ళరు కదా, అలాగన్నమాట. నీళ్ళు వానలోంచి, మంచులోంచి. ఎరువు రాలిపడే ఆకుల్లోంచి, దుమ్ములోంచి.

నేలమీద చిమ్మచీకటిగా ఉండే అడవిలో వెలుతురు దొరకాలంటే పైకెక్కాల్సిందే. కాని అక్కడ మట్టి ఉండదు, వానపడ్డ గంటకే బెరడు ఆరిపోతుంది. మరి ఎలా బతుకుతాయి? ఒక్కోదానిది ఒక్కో ఉపాయం.

మనం తినే అనాసపండు బ్రొమీలియాడ్ అనే కుటుంబానిది. అనాస నేలమీదే పెరుగుతుంది గాని, ఆ కుటుంబంలో ఉన్న 3 వేలకు పైగా జాతుల్లో చాలావాటి మకాం కొమ్మల మీదే. ఒక్కటి మాత్రం ఆఫ్రికాలో ఉంది, మిగతావన్నీ అమెరికా ఖండాలవే. చెట్టుమీది బ్రొమీలియాడ్లలో చాలావాటి ఆకులు మొదట్లో ఒకదాన్నొకటి హత్తుకుని గిన్నెలా తయారవుతాయి. వాన నీళ్ళు అందులో నిలుస్తాయి. పెద్ద వాటిలో లీటర్ల కొద్దీ! ఆకుల మీద ఉండే సన్నటి పొలుసులు ఆ నీటిని పీల్చుకుంటాయి. వేళ్ళ పని ముఖ్యంగా కొమ్మను పట్టుకోవడం. ఆ గిన్నెలో కప్పలు గుడ్లు పెడతాయి, పురుగులు పెరుగుతాయి, పక్షులు దాహం తీర్చుకుంటాయి. నేలకి ఇరవై ముప్పై మీటర్ల ఎత్తున ఓ బుల్లి చెరువు!

ఆర్కిడ్ల ఉపాయం వేరు. గాల్లో వేలాడే వేళ్ళ చుట్టూ స్పాంజి లాంటి తెల్లటి పొర ఉంటుంది. వాన చినుకు పడగానే తాగేసి దాచుకుంటుంది. విత్తనాలు మరీ విడ్డూరం. దుమ్ములా ఉంటాయి. ఒక్క కాయలోనే లక్షల కొద్దీ ఉండొచ్చు. కాని మొలకకి కావలసిన ఆహారం వాటిలో ఉండదు. సరైన బూజు తోడైతేనే మొలకెత్తుతాయి. మొలిచాక పూయడానికి కూడా చాలావాటికి ఏళ్ళు పడుతుంది.

ప్రపంచంలో ఇలా చెట్ల మీద బతికే మొక్కలు దాదాపు 31 వేల జాతులున్నాయని 2021లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. అంటే ప్రతి పది రకాల మొక్కల్లో ఒకటన్నమాట. వాటిలో మూడింట రెండొంతులు ఆర్కిడ్లే.

47వ ఏట తొలి ప్రయాణం

1956లో మార్గరెట్ తొలిసారి అమెజాన్‌కి బయల్దేరింది. అప్పటికామె వయసు 47. ఇక నెమ్మదిగా ఇంటిపట్టున ఉండవమ్మా అని చుట్టుపక్కల వాళ్ళు చెప్పే వయసు! తోడు ఒక స్నేహితురాలు. సామానులో రంగులు, కుంచెలు, కాగితాలు. బెలెం నగరం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి గురుపీ నది మీద లోపలి అడవుల్లోకి సాగిపోయారు. తిరిగొచ్చేసరికి ఆమె దగ్గర బొమ్మలున్నాయి. మళ్ళీ వెళ్ళి తీరాలన్న కోరికా ఉంది.

ఆ బొమ్మలు చూసిన వృక్షశాస్త్రజ్ఞులు ఆమెను వదల్లేదు. సావో పాలోలోని వృక్షశాస్త్ర సంస్థలో చిత్రకారిణిగా పని దొరికింది. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో బ్రొమీలియాడ్ల మీద జీవితమంతా పరిశోధన చేసిన లైమన్ స్మిత్‌తో కలిసి పనిచేసింది.

ఫొటోలుండగా బొమ్మలెందుకని మీకు అనిపించవచ్చు. శాస్త్రజ్ఞులు మొక్కల్ని కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి దాస్తారు. ఎండిన బ్రొమీలియాడ్‌లో రంగు పోతుంది, గిన్నె ఆకారం నలిగిపోతుంది. పువ్వులోపల ఏ రేకు ఎక్కడుందో తెలీదు. ఫొటోలో ఒక కోణమే కనిపిస్తుంది. చిత్రకారిణి మొక్కని తిప్పి చూసి, కొలిచి, అసలు రంగు పక్కన పెట్టి సరిచూసుకుని వేస్తుంది. కొత్త జాతిని గుర్తించడానికి అలాంటి బొమ్మ పెద్ద సాయం. మార్గరెట్ మొక్క వాడిపోకముందే పడవలోనో, గుడిసెలోనో కూర్చుని స్కెచ్ గీసి, రంగులు రాసుకునేది. ఇంటికొచ్చాక అసలు చిత్రం పూర్తిచేసేది.

బతికున్న మొక్కల్ని కూడా జాగ్రత్తగా తెచ్చేది. వాటిలో కొన్ని బ్రెజిల్లో ఉద్యానవనాల రూపశిల్పిగా పేరుపడ్డ రొబెర్తో బుర్లె మార్క్స్ తోటలో పెరిగాయి. ఆమె కనిపెట్టిన వాటిలో శాస్త్రానికి కొత్తవీ ఉన్నాయి. నియోరెగీలియా మార్గరెటీ, ఎక్మియా మీయానా అనే బ్రొమీలియాడ్లకు ఆమె పేరే పెట్టారు.

నడుముకి పిస్తోలు, చేతిలో కుంచె

1956 నుంచి 1988 దాకా 32 ఏళ్ళలో మార్గరెట్ అమెజాన్ ప్రాంతానికి 15 ప్రయాణాలు చేసింది. చాలావాటికి పెద్ద బృందాలేమీ లేవు. ఒక పడవ, పడవ నడిపేవాడు, దారి తెలిసిన ఆదివాసులు. ఏ మొక్క ఏ వాగులో దొరుకుతుందో, ఎప్పుడు పూస్తుందో వాళ్ళకే తెలుసు. గుడిసెల్లో ఉయ్యాల కట్టుకుని పడుకోవడం, దొరికింది తినడం, చీమలు, దోమలు, ఎడతెగని వానలు. కామెర్లు వచ్చి మంచం పట్టింది. లేచాక మళ్ళీ పడవే!

పిస్తోలు కూడా వెంట ఉండేది. ఒకసారి బంగారం వెతికే మనుషులు తాగొచ్చి ఆమె ఉన్నచోటికి దూసుకొచ్చారు. మార్గరెట్ పిస్తోలు తీసి గురిపెట్టింది. బక్కపల్చటి మనిషి, నెత్తిన గడ్డి టోపీ... అయినా ఆ చూపు చూసి వాళ్ళు వెనక్కి తగ్గారు.

1967లో బ్రెజిల్లోకెల్లా ఎత్తయిన శిఖరం పీకో ద నెబ్లీనా ఎక్కడానికి వెళ్ళింది. దక్షిణం వైపు నుంచి ఆ ప్రయత్నం చేసిన మొదటి మహిళ ఆమేనని చెబుతారు. విపరీతమైన వానలు వెనక్కి పంపేశాయి. శిఖరం అందకపోయినా బొమ్మలు మాత్రం తెచ్చుకుంది.

వెళ్ళినచోటికే మళ్ళీ వెళ్తే...

మార్గరెట్ ప్రయాణాల్లో అసలు విశేషం ఇంకోటుంది. ఆమె అవే నదుల మీదకి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. కొత్తగా వచ్చిన యాత్రికుడికి కనపడని తేడా ఆమెకు కనబడింది. పదేళ్ళ కిందట బొమ్మ గీసుకున్న ఒడ్డుకి వెళితే అక్కడ చెట్లే లేవు. బొగ్గు కోసం నరికేశారు, పశువుల మేతకి తగలబెట్టేశారు. 1970లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం అమెజాన్ గుండా పెద్ద రహదారి వేయడం మొదలుపెట్టింది. రోడ్డు వెంట మనుషులు, రంపాలు, నిప్పు అన్నీ లోపలికి నడిచాయి. గనులొచ్చాయి, డ్యాములొచ్చాయి.

నేలమీది మొక్కని నరికితే వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుందేమోనన్న ఆశ ఉంటుంది. చెట్టుమీది మొక్కకి ఆ ఆశ తక్కువ. ఒక ముసలి చెట్టు పడితే దానిమీదున్న ఆర్కిడ్లు, బ్రొమీలియాడ్లు, వాటి గిన్నెల్లో కప్పలు అన్నీ ఒక్కసారే నేలపాలవుతాయి. నేలమీది చీకట్లో, తడిలో అవి చాలావరకు కుళ్ళిపోతాయి. కొత్తగా ఓ మొక్క నాటితే సరిపోదు. దాని కొమ్మలు పెరిగి, బెరడు గరుకెక్కి, బూజులు, నాచులు చేరి, పక్కనే విత్తనాలిచ్చే పాత చెట్టు మిగిలుంటేనే ఆ కాపురాలు మళ్ళీ నిలబడతాయి. అందుకు దశాబ్దాలు పడుతుంది.

మార్గరెట్‌కి ఇది పుస్తకంలో చదివి తెలిసింది కాదు. తన పాత స్కెచ్ పుస్తకం చేత్తో పట్టుకుని, ఎదురుగా ఉన్న మోడుల్ని చూసి తెలుసుకుంది. అడవులు ఇలా పోతున్నాయని బ్రెజిల్లో బాహాటంగా చెప్పిన తొలితరం వాళ్ళలో ఆమె ఒకరు. బయటిదేశం నుంచి వచ్చిన మనిషి, పైగా అది సైనిక పాలన. నోరు విప్పడం తేలిక కాదు. అయినా మాట్లాడింది.

బొమ్మల తీరు కూడా మారింది. మొదట్లో పద్ధతి ప్రకారం తెల్లకాగితం మీద మొక్క ఒక్కటే వేసేది. తర్వాత్తర్వాత మొక్క వెనక అడవి కూడా గీయడం మొదలుపెట్టింది. చెట్టు మోడు, నల్లటి నీళ్ళు, నీడలు. ఆ ఇల్లు లేకుండా ఈ మొక్క లేదని చూసినవాళ్ళకి తెలిసేలా.

పడవ పైకప్పు మీద ఒక రాత్రి

ఇక ఆ వెన్నెల పువ్వు సంగతి. అమెజాన్‌లో కలిసే రియో నెగ్రో నది నీళ్ళు డికాక్షన్ రంగులో ఉంటాయి. మనౌస్ నగరం దగ్గర ఏడాదిలో నీటిమట్టం సుమారు 10 మీటర్లు పెరిగి తగ్గుతుంది. ఒడ్డునున్న అడవి నెలల తరబడి మునిగే ఉంటుంది. పడవలో కొమ్మల మధ్య తిరగొచ్చు! ఆ చెట్ల మొదళ్ళకి చదునైన ఆకులు అతికించినట్టు ఉంటుంది ఈ కాక్టస్. ఎండ తగిలితే ఎర్రబడుతుంది. అవి ఆకులు కావు, కాండాలే. మార్గరెట్ ఎన్నోసార్లు దాన్ని చూసింది. ప్రతిసారీ పువ్వు మాత్రం దక్కలేదు.

1988 మేలో రియో నెగ్రో మీద చిన్న బృందంతో వెతుకుతుంటే మొగ్గలున్న మొక్క కనిపించింది. పడవ అక్కడే ఆపారు. మార్గరెట్ పడవ పైకప్పు మీదకెక్కి కూర్చుంది. చీకటి పడింది. మొగ్గ కదిలింది, రేకులు ఒక్కొక్కటిగా విడివడ్డాయి, గుప్పున వాసన. టార్చిలైటు వెలుగులో ఆమె గీస్తూనే ఉంది. తెల్లారేసరికి పువ్వు ముడుచుకుపోయింది.

ఆ పువ్వు గొట్టం 25 సెంటీమీటర్లకు పైగా పొడవుంటుంది. అడుగునున్న తేనె అందుకోవాలంటే అంత పొడుగు నాలుకున్న పెద్ద రాత్రి చిమ్మటలకే సాధ్యమని తర్వాతి పరిశోధకులు చెప్పారు. విత్తనాల్లో గాలి గదులుంటాయి. అవి వరద నీటిమీద తేలుతూ వెళ్ళి ఇంకో చెట్టుకి అంటుకుంటాయి. అంటే చెట్టు, చిమ్మట, వరద... మూడింటిలో ఏది తప్పినా ఆ పువ్వు లేదు. నది పారుదల మార్చే డ్యాములంటే భయం అందుకే.

ఆరు నెలల తర్వాత

అదే ఏడాది ఇంగ్లండులో ఆమె పుస్తకం వచ్చింది. లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో చిత్రాల ప్రదర్శన పెట్టారు. ఆ పనిమీద వచ్చిన మార్గరెట్ 1988 నవంబర్ 30న లెస్టర్ దగ్గర కారు ప్రమాదంలో చనిపోయింది. అడవిలో 32 ఏళ్ళు పాముల్నీ, సుడిగుండాల్నీ, తాగుబోతుల్నీ దాటుకొచ్చిన మనిషి రోడ్డుమీద పోయింది.

ఆమె వదిలి వెళ్ళినవి సుమారు 400 చిత్రాలు, 40 స్కెచ్ పుస్తకాలు, 15 డైరీలు. ఆమె పేరుమీద పెట్టిన ట్రస్టు బ్రెజిల్ యువ చిత్రకారులకు, విద్యార్థులకు క్యూలో శిక్షణ ఇప్పించింది. 1994లో రియో నగరం కార్నివాల్‌లో బేజా ఫ్లోర్ అనే సాంబా బృందం ఆమె జీవితాన్నే ఇతివృత్తంగా తీసుకుని ఊరేగింది. ఒక వృక్ష చిత్రకారిణి కోసం వీధుల్లో డప్పులు మోగడం ఎక్కడైనా విన్నామా!

రియో నెగ్రోలోని అనావిల్యానాస్ దీవుల్లో మునిగే అడవులకు 1981లోనే రక్షణ వచ్చింది. 2008లో వాటిని జాతీయ ఉద్యానవనం చేశారు. ఇటుపక్క, బ్రెజిల్ అమెజాన్‌లో ఇప్పటికి అయిదో వంతు దాకా అడవి పోయింది. ఆమె తొలిసారి బ్రొమీలియాడ్లు చూసిన సముద్రతీరపు అడవి అయితే మరీ కొద్దిగానే మిగిలింది.

మన తూర్పు కనుమల్లోనూ మామిడి కొమ్మల మీద ఆర్కిడ్లు పూస్తాయి. అక్కడ కనబడితే బదనిక అనుకుని పీకేయకండి. ఇంటికి తెచ్చి కుండీలో పెడదామనీ అనుకోకండి, చాలావరకు బతకవు. ఆర్కిడ్ మీద మనసుపడితే నర్సరీలో పెంచినదే కొనండి. కొనేముందు ఇది అడవి నుంచి తెచ్చిందా, మీరు పెంచిందా అని ఒక్కమాట అడగండి. అడవి మొక్క కొనేవాళ్ళు లేకపోతే కొమ్మెక్కి కోసేవాళ్ళూ తగ్గుతారు.